మొదటి కోన్ ఎవరు పెడతారు?

ఓ పదేళ్ళ కిందట మా ఇంటికి పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల నా కారు వెనక భాగం ఫోటో, నంబరు ప్లేటు పెద్దగా కనపడేలా ఇంకో ఫోటో, నలభై డాలర్లు కట్టమని ఒక కాగితం. బాల్టిమోర్ చుట్టూ తిరిగే 695 బెల్ట్‌వే మీద, వర్క్ జోన్‌లో 55 మైళ్ళ పరిమితి ఉన్న చోట నేను 67లో వెళ్ళానట. మేరీల్యాండ్‌లో వర్క్ జోన్ కెమెరాలు పరిమితి మీద కనీసం 12 మైళ్ళు ఎక్కువైతేగాని పట్టించుకోవు. అంటే సరిగ్గా గీత మీద దొరికానన్నమాట.

ఆ ఆదివారం పాట్‌లక్‌లో ఈ ముచ్చట చెబితే అక్కడున్న నలుగురిలో ముగ్గురు తమకీ అలాంటి కవర్లు వచ్చాయన్నారు. "లైసెన్సు మీద పాయింట్లు పడవు గురూ, టోల్ అనుకుని కట్టేయ్," అని ఒకాయన సలహా. "అయినా అక్కడ మనుషులెవరూ లేరు కదా, ఉత్త కోన్లేగా," అని ఇంకొకాయన సానుభూతి. నేనూ టోల్ అనుకునే కట్టేశాను. గోంగూర పచ్చడి దగ్గరికి వచ్చేసరికి ఆ విషయం మర్చిపోయాం.

"అక్కడ ఎవరూ లేరు కదా" అన్న ఆ మాట గురించే ఈ వ్యాసం. అది కారు నడిపేవాడి అభిప్రాయంగా ఉన్నంతవరకు నలభై డాలర్లతో పోయేది. అదే అభిప్రాయం మనం రాసే ప్రోగ్రాముల్లోకి, మనం తయారుచేసే మ్యాపుల్లోకి చేరితే దాని ఖరీదు వేరే వాళ్ళు కడతారు. కొన్నేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం రోడ్ల మూసివేతల సమాచారానికి సంబంధించినది. ఏ రోడ్డు మీద ఏ లేన్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా మూసి ఉంటుందో నానా రకాల చోట్ల నుంచి పోగుచేసి, శుభ్రం చేసి, మ్యాపు కంపెనీలకు అందివ్వడం మా పని. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళు నేను ఒక్క వర్క్ జోన్‌నైనా కారు దిగి చూడలేదు. సిగ్గుపడాల్సిన విషయమే అయినా నిజం.

అదే 695 మీద తర్వాత రెండు సంఘటనలు జరిగాయి. 2023 మార్చి 22న, పట్టపగలు, వంద మైళ్ళ పైన వేగంతో పోతున్న రెండు కార్లు ఒకదానికొకటి తగిలాయి. అందులో ఒకటి అదుపు తప్పింది. పని బళ్ళు లోపలికి, బయటికి తిరగడానికి కాంక్రీటు గోడల మధ్య ఒక సందు వదిలి ఉంటుంది. ఆ కారు ఆ సందులోంచి వర్క్ జోన్‌లోకి దూసుకెళ్ళింది. ఆరుగురు పనివాళ్ళు చనిపోయారు. ఏడాది దాటిన నాలుగు రోజులకి, 2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక, అదే రహదారి మీదున్న ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జిని డాలి అనే కంటైనర్ ఓడ గుద్దింది. బ్రిడ్జి మీద గుంతలు పూడుస్తున్న వాళ్ళలో ఆరుగురు చనిపోయారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్‌ల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. మనలాగే నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్ళు. ఓడ గురించి, బ్రిడ్జి గురించి తెలుగువాళ్ళం కూడా వారం రోజులు తెగ మాట్లాడుకున్నాం. ఓడలో సిబ్బంది అంతా దాదాపు మనదేశం వాళ్ళే కావడం దానికొక కారణం. గుంతలు పూడ్చేవాళ్ళ గురించి మాట్లాడుకున్నది తక్కువ. ఆ రాత్రి సంగతి మళ్ళీ చివర్లో చెబుతాను, అందులో మనబోటి వాళ్ళకి ఒక పాఠం ఉంది.

ముందుగా, వర్క్ జోన్ అంటే ఏమిటో రెండు ముక్కలు. మనకి కనపడేవి చిందరవందరగా నారింజ రంగు కోన్లే గాని, వాటి వెనక ఒక గ్రంథం ఉంది. ట్రాఫిక్ గుర్తుల మీద అమెరికా దేశమంతటికీ వర్తించే ఈ నియమావళి 1935లో మొదటిసారి వెలువడింది. దీని 11వ ముద్రణ 2023 డిసెంబరులో వచ్చింది. దీన్ని పొట్టిగా ఎమ్‌యుటిసిడి అంటారు. అందులో ఆరో భాగం మొత్తం వర్క్ జోన్ల గురించే. ఫ్రీవే మీద లేన్ మూయాలంటే మొదటి హెచ్చరిక బోర్డు పని మొదలయ్యే చోటికి దాదాపు మైలు దూరం ముందే పెట్టాలి. ఆ తర్వాత లేన్ క్రమంగా సన్నబడే భాగం, దాన్ని టేపర్ అంటారు. ఆ తర్వాత ఎవరూ ఉండని ఖాళీ జాగా, అది బఫర్. ఆ తర్వాతే పని జరిగే చోటు.

టేపర్ ఎంత పొడవుండాలో చెప్పే సూత్రం ప్రోగ్రామర్లకి నచ్చుతుంది. వేగం 45 మైళ్ళు, ఆ పైన ఉంటే లేన్ వెడల్పును అడుగుల్లో తీసుకుని మైళ్ళలో వేగంతో గుణించడమే. పన్నెండడుగుల లేన్, 65 మైళ్ళ వేగం అయితే 780 అడుగులు. మరి టేపర్‌లో కోన్ల మధ్య దూరం? వేగం ఎన్ని మైళ్ళో అన్ని అడుగులకి మించకూడదు. అంటే 65 అడుగులు. 780ని 65తో భాగిస్తే పన్నెండు సందులు, పదమూడు కోన్లు. వేగం 55 చేసి చూడండి, మళ్ళీ పదమూడే. వేగం పైనా కిందా కొట్టుకుపోతుంది కదా, మిగిలేది లేన్ వెడల్పే. గంటకి 65 మైళ్ళ మీద సెకనుకి 95 అడుగులు పరిగెత్తే కారుకీ, షోల్డర్ పక్కన నిలబడ్డ మనిషికీ మధ్య తక్కువలో తక్కువ నియమం ప్రకారం ఉండేవి ఆ పదమూడు ప్లాస్టిక్ శంఖువులు. ఒక్కొక్కటి 28 అంగుళాల ఎత్తు. పిల్లాడు ఎత్తగలిగే బరువు.

ఇక్కడిదాకా పుస్తకంలో చదివి తెలుసుకున్నదే. పుస్తకంలో జోన్ ఎప్పుడూ పూర్తయి ఉంటుంది. బొమ్మలో బోర్డులన్నీ నిలబడి ఉంటాయి, పదమూడు కోన్లూ వాటి చోట్లలో ఉంటాయి. బొమ్మ అలా తయారవడానికి ముందు ఆ రోడ్డు మీద ఏం జరిగిందో బొమ్మ చెప్పదు.

అది తెలుసుకోవడానికి ఒక రాత్రి ఒక సిబ్బందితో వెళ్ళాను. మా సమాచారంలో మూసివేతల సమయాలు ఎందుకు తప్పుతున్నాయో కనుక్కురమ్మని పంపారు. ఫోర్‌మన్ అరవైకి దగ్గరగా ఉన్న మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. నాకొక మెరిసే కోటు, హెల్మెట్ ఇచ్చి తన పికప్‌లో ఎక్కించుకున్నాడు. ఇచ్చేటప్పుడే చెప్పాడు, "ఇది నిన్నెవరూ గుద్దకుండా ఆపదు. గుద్దాక నువ్వెక్కడ పడ్డావో వెతకడానికి పనికొస్తుంది." జోక్ అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మూడు లేన్ల రోడ్డు, కుడి లేన్ మూయాలి. పని తారు వేయడం. తారు వేసేవాళ్ళు ఇంకా రాలేదు, వాళ్ళు అంతా సిద్ధమయ్యాక వస్తారు. ముందు వచ్చేది బోర్డులు, కోన్లు పెట్టే ఐదారుగురు. బోర్డులు ట్రాఫిక్ వచ్చే వైపునుంచి వరసగా పెట్టుకుంటూ వెళ్ళాలి, మొదటిది ముందు, తర్వాతది తర్వాత. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు కాబట్టి ఎడమ పక్క కూడా పెట్టాలి. ఆ రాత్రి ఎడమ వైపు షోల్డర్ వెడల్పుగా ఉంది, వేరే బండి అటునుంచి వెళ్ళింది. షోల్డర్ లేని చోట ఏం చేస్తారని అడిగాను. "పరిగెత్తేవాళ్ళం," అన్నాడు. ఇప్పుడు చాలాచోట్ల ఒప్పుకోరట, ఒకప్పుడు అదే పద్ధతి.

కూర్చున్నచోటే మనసులో లెక్క కట్టాను. మూడు లేన్లు ముప్ఫై ఆరడుగులు. సిగ్నళ్ళ దగ్గర నడిచేవాళ్ళ వేగాన్ని ఇంజనీర్లు సెకనుకి మూడున్నర అడుగులుగా లెక్కేస్తారు. అంటే పది సెకన్ల పైచిలుకు. ఆ పది సెకన్లలో 65 మీద వచ్చే కారు సుమారు 980 అడుగులు వచ్చేస్తుంది. చేతిలో నాలుగడుగుల బోర్డు, దాని స్టాండు, రాత్రి, ఎదురుగా హెడ్‌లైట్లు. వెయ్యి అడుగుల దూరంలో ఉన్న రెండు దీపాలు 60 మీద వస్తున్నాయా 85 మీద వస్తున్నాయా అని కళ్ళతో చూసి చెప్పడం మీ వల్ల అవుతుందేమో చూడండి. నా వల్ల కాలేదు.

తర్వాత కోన్లు. ట్రక్కు వెనక అంచున చిన్న అరుగు మీద ఒకతను నిలబడి ఉంటాడు, ఇంకొకతను కోన్ అందిస్తుంటాడు. ట్రక్కు నెమ్మదిగా కదులుతుంటే ఒక్కొక్కటీ దించుతాడు. మొదటి కోన్ షోల్డర్ అంచున, రెండోది లేన్‌లోకి ఒక అడుగు జరిగి, మూడోది రెండడుగులు. ఆరో కోన్ దగ్గరికి వచ్చేసరికి అతను సగం లేన్‌లో ఉన్నాడు. అతని వెనక ఒక పెద్ద ట్రక్కు, దాని తోకకి ఎటెన్యుయేటర్ ఉంది. అది వెనకనుంచి గుద్దిన కారు దెబ్బని తను నలిగి మింగేసే పెట్టె. దాని పైన బాణం గుర్తు వెలిగే యారో బోర్డు. ఆ ట్రక్కు తప్ప అతనికీ ట్రాఫిక్‌కీ మధ్య ఏమీ లేదు. ఎందుకంటే ఆ మధ్యలో ఉండాల్సినదాన్ని పెడుతున్నది అతనే.

ఇది మన పరిభాషలో బూట్‌స్ట్రాప్ సమస్య. కంప్యూటర్‌లో మొదటి ప్రోగ్రామును ఎక్కించే ప్రోగ్రామును ఎవరు ఎక్కించాలి? తారు వేసేవాడికి కోన్లు కాపలా. కొన్నిచోట్ల కోన్లు చాలవని కాంక్రీటు గోడలు పెడతారు. ఆ గోడలు దించే క్రేన్‌కి కోన్లు కాపలా. కోన్లు పెట్టేవాడికి ట్రక్కు కాపలా. ఆ ట్రక్కు నడిపేవాడికి? గుద్దించుకోవడానికే తయారుచేసిన బండిలో స్టీరింగ్ ముందు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అతనికి సీటు బెల్టు, తల ఆన్చుకునే దిండు కాపలా. రక్షణ అంతా పని మొదలయ్యాకే వస్తుంది. రక్షణ ఏర్పాటు చేసేటప్పుడు, తీసేసేటప్పుడు అది సగమే ఉంటుంది. కొన్ని నిమిషాలైతే అసలుండదు.

తీసేయడం పెట్టడం కంటే పాడు. కోన్లను పని చివరినుంచి వెనక్కి ఏరుకుంటూ రావాలి, అంటే ట్రక్కు రివర్సులో నడవాలి. సమయం తెల్లవారుజాము. సిబ్బంది రాత్రంతా నిలబడి ఉన్నారు. ట్రాఫిక్ పెరగడం మొదలవుతుంది. అప్పటిదాకా ముక్కుతూ మూలుగుతూ వచ్చిన కార్లకి ఎదురుగా ఖాళీ లేన్ కనపడగానే కాలు ఆగదు.

ఇంతకీ నన్ను పంపింది మూసివేతల సమయాల కోసం కదా. ఆ రాత్రి ఆరో కోన్ దించుతున్నప్పుడు నా ఫోన్ తీసి మ్యాపు చూశాను. మేము అందించే సమాచారమే అందులో కనపడాలి. రోడ్డు పచ్చగా ఉంది. కోన్ బొమ్మ లేదు, హెచ్చరిక లేదు, ఏమీ లేదు. అనుమతి పత్రం ప్రకారం మూసివేత రాత్రి తొమ్మిదింటికి మొదలు. అప్పుడు టైము తొమ్మిదికి పది నిమిషాలు. సిబ్బంది షోల్డర్ మీద బోర్డులు మొదలుపెట్టి అప్పటికే అరగంట. మా డేటాబేసులో ఆ అరగంట లేదు. తెల్లవారి ఐదింటికి మూసివేత ముగిసిందని మ్యాపు మళ్ళీ పచ్చబడింది. అప్పటికి టేపర్ ఇంకా రోడ్డు మీదే ఉంది. చివరి బోర్డు ట్రక్కు ఎక్కేసరికి ఐదున్నర. ప్రమాదం ఎక్కువగా ఉండే రెండు వేళల్లోనూ మా ప్రోగ్రాము దేశానికి చెబుతున్నది ఒకటే: అక్కడ ఎవరూ లేరు.

పాట్‌లక్‌లో మేమన్న మాటే. ఈసారి కోడ్‌లో, నా పేరుతో చెకిన్ అయి ఉంది.

మనవాళ్ళకి ఈ సమస్య చెప్పగానే ఏం జరుగుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే జరిగింది. చేతులు దురద పెడతాయి. పనివాడి హెల్మెట్‌లో సెన్సర్ పెడదాం, కారు అటువైపు తిరగగానే చేతి పట్టీ వణికేలా చేద్దాం, కెమెరాతో చూసి సైరన్ మోగిద్దాం. ఇలాంటివి మార్కెట్‌లో చాలానే ఉన్నాయి, కొన్ని బాగానే పనిచేస్తాయి కూడా. వాటిని తీసిపారేయడం లేదు. కాని లెక్క మళ్ళీ అదే. సెకనుకి 95 అడుగులు. కారు మూడు వందల అడుగుల దూరంలో దారి తప్పిందని సైరన్ వెంటనే పసిగట్టినా పనివాడికి మిగిలేది మూడు సెకన్లు. జాక్‌హామర్ చప్పుడులో సైరన్ విని, ఎటునుంచో అర్థం చేసుకుని, చేతిలోది వదిలి, ఎటో దూకాలి. ఒక పక్క గోడ, ఇంకో పక్క ట్రాఫిక్. భద్రతా శాస్త్రం చదివినవాళ్ళు రక్షణ మార్గాలని ఒక నిచ్చెనలా చెబుతారు. అన్నిటికంటే పైన ప్రమాదాన్నే లేకుండా చేయడం, తర్వాత మనిషికీ ప్రమాదానికీ మధ్య ఏదైనా అడ్డం పెట్టడం, ఆ తర్వాత హెచ్చరికలు, నియమాలు, అట్టడుగున ఒంటి మీద వేసుకునే కోటు. మన పరికరాలు చాలావరకు కింది రెండు మెట్ల మీదే కూర్చున్నాయి. అమ్మడం తేలిక కాబట్టి అక్కడ గుంపు ఎక్కువ.

పై మెట్ల మీద జరిగిన పని చూస్తే నాకు ఎక్కువ ఉత్సాహం కలుగుతుంది. 2017లో కొలరాడో రవాణా శాఖ డ్రైవరు లేని ఎటెన్యుయేటర్ ట్రక్కును రోడ్డెక్కించింది. ముందు నడిచే బండి వెళ్ళిన దారినే వెనక ట్రక్కు తనంతట తాను అనుసరిస్తుంది. డ్రైవరు లేని కారులో షికారు చేయాలని కలలు కనేవాళ్ళు చాలామంది. గుద్దించుకునే సీటులోంచి మనిషిని దింపడమే ఆ టెక్నాలజీకి మొదటి పని కావాలని నేనంటాను. కాలిఫోర్నియాలో యూసీ డేవిస్ పరిశోధకులు కోన్లను పెట్టి, తీసే యంత్రాన్ని ఎప్పుడో తయారుచేశారు. డ్రైవరు క్యాబిన్‌లోంచే నడపచ్చు, వెనక అరుగు మీద ఎవరూ నిలబడక్కర్లేదు. మరి అన్ని చోట్లా ఎందుకు లేవంటే, ఖరీదు. అరుగు మీద నిలబడే మనిషి చవక.

ఇంగ్లండ్‌లో వాళ్ళు వేసిన ప్రశ్న మరీ నచ్చింది. అక్కడి హైవే సంస్థ 2010 ప్రాంతంలో, కార్లు తిరిగే రోడ్డును పనివాడు కాలినడకన దాటే అవసరమే లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. అప్పుడు ఎవరో అడగాల్సిన ప్రశ్న అడిగారు: అసలు మధ్య డివైడర్ వైపు ఆ బోర్డులు ఎందుకు? అవి లేకపోతే డ్రైవర్లు నిజంగా తికమకపడతారా? పరీక్షించి చూశాక, తక్కువ కాలం ఉండే పనులకు చాలా సందర్భాల్లో రోడ్డు పక్కవైపు బోర్డులతోనే సరిపెట్టవచ్చని తేలింది. కొన్నిచోట్ల డివైడర్‌కి శాశ్వతంగా బోర్డులు బిగించి, దూరం నుంచే తిప్పేలా ఏర్పాటు చేశారు. ఒక్క సెన్సర్ కూడా పెట్టకుండా, కేవలం బోర్డు తీసేసి, మనిషిని రోడ్డు మీదనుంచి తప్పించారు. పాత కోడ్‌లో రెండు వేల లైన్లు చెరిపేసి ఇంటికెళ్ళిన రోజు ఎంత బాగుంటుందో మీలో చాలామందికి తెలుసు. అలాంటి పని ఇది.

ఇంకొకటి ఉంది, దానికి యంత్రమూ అక్కర్లేదు, గుణకారం చాలు. పోలీసు కార్లు కొన్ని లేన్లన్నిటికీ అడ్డంగా వరసకట్టి నెమ్మదిగా నడుస్తాయి. వెనక ట్రాఫిక్ అంతా వాటి వేగానికి దిగుతుంది, ముందున్న కార్లు తమ దారిన పోతాయి, మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో పనివాళ్ళు రోడ్డు మీదకి దిగుతారు. పది నిమిషాల ఖాళీ కావాలంటే ఎంత దూరం ముందు మొదలుపెట్టాలి? మామూలు వేగం 60, పోలీసుల వేగం 20 అనుకోండి. మైలుకి మామూలు కారుకి ఒక నిమిషం, పోలీసు కారుకి మూడు నిమిషాలు. మైలుకి రెండు నిమిషాల చొప్పున ఖాళీ పెరుగుతుంది. పది నిమిషాలకి ఐదు మైళ్ళు. మధ్యలో ఉన్న ర్యాంపులన్నీ ఆపాలి, లేకపోతే ఖాళీలోకి కొత్త కార్లు దూరతాయి. ఇలా ఎప్పుడైనా ఫ్రీవే మీద పోలీసు వెనక ఇరవైలో నడవాల్సొచ్చి, ముందు రోడ్డంతా ఖాళీగా కనపడి, మీరు తిట్టుకుని ఉంటారు. నేనూ తిట్టుకున్నాను. ఐదు మైళ్ళ అవతల ఎవరో వంతెన కింద బోర్డు బిగిస్తున్నారని అప్పుడు తెలియదు.

ఇక నా సొంత వ్యవహారం, సమాచారం. అమెరికా రవాణా శాఖ కొన్నేళ్ళుగా వర్క్ జోన్ల సమాచారం అందరూ ఒకే రూపంలో ఇచ్చిపుచ్చుకునేలా ఒక ప్రమాణం నడిపిస్తోంది, దాన్ని డబ్ల్యుజెడ్‌డిఎక్స్ అంటారు. లోపల ఉన్నది మనకి తెలిసిన జియోజేసనే. అందులో ఒక్కొక్క సమయానికీ పక్కన "ఇది అంచనానా, ఎవరైనా చూసి నిర్ధారించారా" అని చెప్పే చోటుంది. ఇంకా ముఖ్యంగా, "ఆర్ వర్కర్స్ ప్రెజెంట్" అన్న ఒక ఫీల్డు ఉంది. అవును, లేదు. అంతే. ఎన్నో డేటా ప్రమాణాలు చూశాను గాని ఇంత బరువున్న బూలియన్ ఇంకోటి చూడలేదు. మేరీల్యాండ్ 2024లో చేసిన చట్టం తర్వాత వర్క్ జోన్ జరిమానాలు పెరిగాయి, మితిమీరిన వేగానికి, పనివాళ్ళు ఉన్న చోట, వెయ్యి డాలర్ల దాకా వెళతాయి. నా నలభై డాలర్ల టోల్ రోజులు పోయాయి. చట్టం కూడా ఇప్పుడు అదే ప్రశ్న అడుగుతోంది: అక్కడ మనుషులున్నారా?

చాలా ఫీడ్లలో ఆ ఫీల్డు ఖాళీ. సమయాల పక్కన "అంచనా." ఎందుకంటే నింపాల్సినవాడు చీకట్లో కోన్లు దించుతున్నాడు. అతన్ని ఫోన్ తీసి ఆప్‌లో బటన్ నొక్కమనే బదులు, అతను ఎలాగూ చేసే పనిలోంచే ఆ సంగతి మనం రాబట్టాలి. యారో బోర్డు స్విచ్చి వేయగానే తన జీపీఎస్ చోటుతో సహా కబురు పంపే పరికరాలు వచ్చాయి, అవి మంచివి. కాని గుర్తుంచుకోండి, యారో బోర్డు వెలిగేది బోర్డులు పెట్టిన తర్వాత, ఆరేది బోర్డులు తీయకముందు. మళ్ళీ ఆ రెండు అరగంటలు జారిపోతాయి. బోర్డుల ట్రక్కు యార్డునుంచి వచ్చి షోల్డర్‌లో ఆగగానే మొదలు, అది షోల్డర్ వదిలాకే చివర అని రాయాలి. నేను మా వాళ్ళకి చెప్పినది అదే.

దానికి వచ్చిన అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. "ఉత్తుత్తి హెచ్చరికలు పెరుగుతాయి, జనం నమ్మడం మానేస్తారు," అన్నారు. నిజమే. దీనికి నాకు మన హైవే గుర్తొస్తుంది. చిన్నప్పుడు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో, అప్పటికి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, లారీ చెడిపోతే క్లీనరు దిగి దాని వెనక వరసగా రాళ్ళు పేర్చేవాడు, పక్కనున్న చెట్టు కొమ్మ ఒకటి విరిచి అడ్డం పెట్టేవాడు. ఆ దారిన వెళ్ళే ప్రతివాడికీ అర్థమయ్యే భాష అది. చిక్కల్లా లారీ బాగయ్యాక వచ్చేది. లారీ వెళ్ళిపోయేది, రాళ్ళు అక్కడే ఉండేవి. ఎండిన కొమ్మని చూసీ చూసీ జనానికి అలవాటైపోయేది, నిజంగా లారీ ఉన్న రోజు కూడా ఆలస్యంగా చూసేవాళ్ళు. ఇప్పుడు మన దేశంలోనూ రహదారి పనులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఉంది, 2014లో తిరగరాశారు, అందులోనూ హెచ్చరిక, టేపర్, బఫర్ అన్నీ ఉన్నాయి. రాళ్ళు మాత్రం ఇంకా అక్కడక్కడ ఉన్నాయి.

మా ఫీడులో వాన వల్ల రద్దయిన పనులు, ముందే ముగిసిన పనులు, అన్నీ ఆ రాళ్ళే. అంచేత నా వాదన ఇది: రాళ్ళు ఏరండి, కాని లారీ ఇంకా ఉండగా ఏరకండి. ఖాళీ జోన్లను ట్రక్కు రాలేదన్న గుర్తుతో తీసేయచ్చు. ట్రక్కు ఉన్నంతసేపు, గడియారం ఏమన్నా సరే, మనిషి ఉన్నాడనే చెప్పాలి. రెండు వైపులా తప్పుండే అవకాశం ఉన్నప్పుడు ఏ వైపు తప్పు చేయాలో ప్రోడక్ట్ మేనేజర్ ఇష్టానికి వదిలే విషయం కాదు. వర్క్ జోన్లలో ఏటా 800కు పైగా మనుషులు పోతున్నారు. అందులో ఎక్కువమంది కార్లలో ఉన్నవాళ్ళే. ఆగి ఉన్న వరసని చూసుకోకుండా వెనకనుంచి గుద్దినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. హెచ్చరిక వాళ్ళకీ కావాలి.

కీ బ్రిడ్జి సంగతి చెబుతానన్నాను. ఓడ అదుపు తప్పిందన్న కబురు రేడియోలో రాగానే పోలీసులు చాలా చురుగ్గా కదిలారు. రెండు వైపులా ట్రాఫిక్ ఆపేశారు. కార్లలో ఎవరూ బ్రిడ్జి మీద పడలేదు, అది చిన్న విషయం కాదు. తర్వాత బయటికొచ్చిన రేడియో సంభాషణలో, బ్రిడ్జి మీద సిబ్బంది ఉన్నారు, వాళ్ళకి చెప్పాలన్న మాట వినపడుతుంది. ఇంకో అధికారి రాగానే తాను బండి వేసుకుని వెళ్ళి చెబుతానని ఒకాయన అంటున్నాడు. అంతలో బ్రిడ్జి కూలిపోయింది. పైన ఉన్న ఎనిమిది మందిలో ఇద్దరే బతికారు. ఆ పోలీసుల తప్పు నాకేమీ కనపడదు. కబురు ఎవరెవరికి వెళ్ళాలో ఆ జాబితా ముందెప్పుడో తయారైంది. ఆ జాబితాలో కార్లున్నాయి. అక్కడ పని చేస్తున్నవాళ్ళకి నేరుగా కబురు చేరే దారి లేదు.

ఆ ఆడియో విన్న మర్నాడు మా సిస్టంలో మూసివేత సమాచారం ఎవరెవరికి వెళుతుందో జాబితా తీసి చూశాను. మ్యాపు కంపెనీలు, రేడియో స్టేషన్లు, అంబులెన్సు సర్వీసులు, లారీ కంపెనీలు, మొత్తం పదిహేడు పేర్లు. సిబ్బంది ఫోర్‌మన్‌కి తిరిగి ఏదైనా చెప్పే దారి ఒక్కటీ లేదు. ఒక కారు తప్పుడు దిశలో వస్తోందని మాకు తెలిసినా, ఆ పికప్‌లో కూర్చున్న పెద్దమనిషికి చెప్పడానికి మా దగ్గర ఆయన ఫోన్ నంబరు కూడా లేదు. పద్దెనిమిదో పేరుగా దాన్ని చేర్చమని రాశాను. ట్రక్కు గుర్తు మార్పు మాత్రం ఒప్పుకున్నారు, రెండు జిల్లాల్లో ప్రయోగంగా నడుస్తోంది. పోయిన వారం రాత్రి ఎనిమిదిన్నరకి ఇంట్లో భోంచేస్తూ ఫోన్ తీసి చూశాను. అనుమతి పత్రం తొమ్మిదింటికే అంటోంది గాని, మ్యాపు మీద కోన్ బొమ్మ అప్పటికే వచ్చి ఉంది.